ఏడు దేశాలొద్దు... రెండూళ్లు చాలు

దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు. బాసరలో కాలు పెట్టడానికి సందు లేదు. పలకలు పట్టుకున్న పిల్లలు, వాళ్లను చంకనేసుకున్న తాతలు, అక్షింతల పళ్లేలతో అమ్మమ్మలు... ఆ హడావుడంతా సద్దుమణిగాక సాయంత్రం గోదావరి ఘాటు మెట్ల మీద కూర్చున్నాం. నేనూ, మా అక్కా, బావా. వాళ్లిద్దరూ బడిపంతుళ్లుగా చేసి రిటైరయ్యారు. అక్క తెలుగు చెప్పేది, బావ సోషల్. అక్కకు అరవై నాలుగు, బావకు అరవై ఎనిమిది. రోజూ పొద్దున్నే గుడి దగ్గర్నుంచి ఘాటు దాకా, మళ్లీ ఇంటి దాకా నడిచే మనుషులు.

ఏదో మాటల్లో అమెరికా సంగతి వచ్చింది. "రెండుసార్లు పోయొచ్చినవ్ కదక్కా, ఏమేం చూసినవ్?" అనడిగా.

"రెండుసార్లూ పురుళ్లకే పోయిన తమ్మీ. ఏం చూసినవంటే వంటిల్లు చూసిన" అంది అక్క.

నవ్వేదే గానీ నవ్వలేకపోయాం. బావ కాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా "ఒక్కసారన్న మన కోసం మనం పోదాం. మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే పోదాం" అన్నాడు.

మా వైపు పాస్‌పోర్టు అంటే ఒకప్పుడు గల్ఫ్ కూలికి పోయేవాళ్ల కాగితం. తర్వాత అమ్మల పేరిట, నాన్నల పేరిట కూడా వచ్చింది, పిల్లల పురుళ్లకు పనికొస్తుందని. ఊరికే లోకం చూసి రావడానికి ఆ పుస్తకం తెరిచిన పెద్దలు మాత్రం ఇప్పటికీ తక్కువే. అందుకే అక్కాబావల యూరప్ ప్రయాణం ఆరునెలల్లో ఎలా రూపు కట్టిందో ఈ వారం చెబుతాను. ఓపికా, ఒంట్లో శక్తీ ఉన్న అరవై దాటిన జంట మీ ఇంట్లోనూ ఉంటే పనికొస్తుంది.

ఏడులోంచి రెండుకు

మొదట బావ ఓ రంగుల కరపత్రం పట్టుకొచ్చాడు. పది రోజులు, ఏడు దేశాలు. అన్నీ బొమ్మల్లో బాగున్నాయి. ఆయన సోషల్ మాస్టారు కదా, పలక మీద లెక్క కట్టినట్టు కట్టాడు. ఊరు మారిన ప్రతిసారీ పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, బస్సెక్కాలి, దిగాలి, కొత్త గది వెతుక్కోవాలి, మళ్లీ పెట్టె విప్పాలి. తక్కువలో తక్కువ సగం రోజు. ఏడు చోట్లు మారితే మూడున్నర రోజులు పెట్టెతోనే సరి. విమానాల్లో పోయేవి తీసేస్తే చూడటానికి మిగిలేదెంత?

"గిట్లయితే నేను బస్సు కిటికీనే చూసొస్తా" అంది అక్క.

ఇక్కడే మొదటి నిర్ణయం జరిగింది. రెండే దేశాలు. ఒక్కో దేశంలో ఒక్కటే మకాం. అక్కడి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోట్లే చూడాలి. పెట్టె సర్దేది ఒక్కసారే. పాతికేళ్ల కుర్రాళ్లు రాత్రి రైల్లో నిద్రపోయి పొద్దున్నే కొత్త ఊళ్లో తిరగగలరు. అరవై దాటినవాళ్లు తిరగలేరని కాదు, మర్నాడు ఆ అప్పు ఒళ్లు వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

ఇలాంటి ముందుచూపు మనకు కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మన నిర్మల్ మీదుగానే సాగిపోయి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడవునా ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దిగడానికి చోటు ఎలా ఉందో రాసుకుంటూ వెళ్లాడు. ప్రయాణమంటే చూసిన ఊళ్ల లెక్క కాదు, దిగిన మజిలీల సుఖమని అప్పుడే తెలుసాయనకు.

ఒకే నది, రెండు చివరలు

సరే, ఏ రెండు? అక్కకు పూలు చూడాలనుంది, బావకు మంచు చూడాలనుంది. పూలంటే నెదర్లాండ్స్, మంచంటే స్విట్జర్లాండ్. రెండూ పక్కపక్క దేశాలు కావు. మధ్యలో జర్మనీ ఉంది. అట్లాసు ముందేసుకున్న బావ వేలు మాత్రం ఒక గీత వెంబడి సాగిపోయింది. అది రైన్ నది. స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ కొండల్లో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్స్‌లో పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి 1,465 కిలోమీటర్లు. త్ర్యంబకంలో పుట్టి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని, బాసరను ఒరుసుకుంటూ పోయి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటి ఒడ్డున పుట్టినవాళ్లకు ఇంకో ఏటిని చూపిస్తే దారి దానంతటదే దొరుకుతుంది.

అలా మకాములు తేలాయి. స్విట్జర్లాండ్‌లో బాసెల్, నెదర్లాండ్స్‌లో లైడెన్. బాసర నుంచి బాసెల్‌కా అని పేరు విని నవ్వుకున్నాం గానీ, పోలిక పేరుతో ఆగలేదు. బాసెల్ రైన్ ఒడ్డునే ఉంది. స్విట్జర్లాండ్‌లో అన్నిటికన్నా పాత విశ్వవిద్యాలయం అక్కడిదే, 1460లో పెట్టారు. గణిత పండితుడు ఆయిలర్ 1707లో పుట్టింది ఆ ఊళ్లోనే. లైడెన్ మధ్య నుంచి పాత రైన్ అనే పాయ పారుతుంది. నెదర్లాండ్స్‌లో మొట్టమొదటి విశ్వవిద్యాలయం లైడెన్‌దే, 1575 నాటిది. సరస్వతమ్మ వాకిట్లో పుట్టి, బడిలో బతికిన దంపతులకు ఇంతకన్నా ఏం కావాలి!

వాళ్ల వసంతం ఎప్పుడొస్తుంది?

మనకు వసంత పంచమి మాఘంలో వస్తుంది, వసంతం చైత్రంలో. యూరప్‌లో చెట్లు చిగురు తొడిగేది ఏప్రిల్‌లోనే. లైడెన్‌కు దగ్గర్లోని కాయ్‌కెన్‌హోఫ్ తోట 32 హెక్టార్లు. ఏటా సుమారు 70 లక్షల పూదుంపలు నాటుతారు. మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా, ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది. ట్యూలిప్‌లు నిండుగా ఉండేది మామూలుగా ఏప్రిల్ రెండో సగంలో. టికెట్టు వేళతో సహా ముందే కొనుక్కోవాలి. పొద్దున్నే మొదటి బారులో వెళ్తే రద్దీ తక్కువ.

ఏప్రిల్ 27 అక్కడ రాజుగారి పుట్టినరోజు పండుగ. రైళ్లూ వీధులూ కిటకిటలాడతాయి. ఆ రోజు ఊరు మారే పని పెట్టుకోకూడదు. గదిలోంచి రెండు వీధుల దాకా వెళ్లి వేడుక చూసి రావచ్చు.

ఆ నెలలో ఆదిలాబాద్ వైపు ఎండ నలభై దాటుతుంది. అక్కడ పగలు పన్నెండు నుంచి పదహారు డిగ్రీలు, రాత్రి ఇంకా తక్కువ, మధ్యలో వాన. ఒక్క లావుపాటి కోటు కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకునే మూడు పల్చని బట్టలు నయం. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న వానకోటు కావాలి. పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. వెలుతురుంది కదాని తిరుగుతూ పోతే మందుల వేళ తప్పుతుంది. గడియారం చూసే భోంచేయాలి.

కాగితాల్లో నిజమే రాయాలి

రెండు దేశాలూ షెంజెన్ కూటమిలోవే. ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. తికమక లేకుండా స్విట్జర్లాండ్‌లో ఐదు రాత్రులు, నెదర్లాండ్స్‌లో ఆరు రాత్రులు అనుకున్నాం. కాబట్టి దరఖాస్తు నెదర్లాండ్స్‌కు. హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు. ప్రయాణానికి ఆరునెలల ముందు నుంచీ తీసుకుంటారు. పదిహేను రోజుల కన్నా దగ్గరైతే కుదరదు. వసంతానికి ముందు రద్దీ ఎక్కువ కాబట్టి సంక్రాంతి లోపే సమయం తీసుకోవడం మేలు. రుసుము 2024 జూన్ నుంచి తలకు 90 యూరోలు. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. పింఛను కాగితాలు, బ్యాంకు లెక్కలు, గది బుకింగులు, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన పట్టిక సిద్ధం చేసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే విమానం టికెట్టులోనూ అలాగే ఉండాలి.

వైద్య బీమా తప్పనిసరి. కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే వచ్చింది. బీమా ఫారంలో 'ఇంతకుముందున్న జబ్బులు' అన్నచోట బావ 'లేవు' అని రాసేశాడు. అక్క కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"మరి బీపీ గోలీలు ఎవలియి?"

"రాస్తే డబ్బులెక్కువైతయని..."

"రాయకపోతే అక్కడ మీకేమన్నయితే నేనెవల్నడగాలె?"

బావ మారు మాట్లాడకుండా కొట్టేసి మళ్లీ రాశాడు. ముందు నుంచీ ఉన్న జబ్బు దాస్తే, రేపు ఆసుపత్రి ఖర్చు ఇవ్వబోమనడానికి బీమా వాళ్లకు దారి దొరుకుతుంది. రాస్తే కాస్త ఎక్కువ కట్టాలి, అంతే. అన్నిటికన్నా ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మందులు ఉండే రోజుల కన్నా ఓ వారం ఎక్కువకు, డాక్టరు చీటీతో, చేతి సంచీలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలో పెడితే పెట్టె దారి తప్పిన రోజు మందులూ తప్పుతాయి.

కుంటాల నేర్పిన పాఠం

కాగితాల మీద అందరం ఆరోగ్యంగానే ఉంటాం. అందుకే ముందు మన దగ్గరే ఓ పరీక్ష పెట్టుకోమన్నాను. ఎవరి పెట్టె వాళ్లే మోయాలి. రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలి. దీపావళి వెళ్లాక కుంటాల జలపాతానికి వెళ్లాం. కడెం వాగు మీద 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. కిందికి చాలా మెట్లుంటాయి. అక్క ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. దిగేటప్పుడే మోకాలు పట్టేసింది. ఆ రాత్రి నూనె రాసుకుంటూ "నేన్రాను, మీరు పోయి రారి" అంది. ప్రయాణం అక్కడే ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

బావ ఏం బతిమాలలేదు. తెల్లారి పట్టిక తీసి, మెట్లు దిగే చోట్లన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. బాసెల్ చర్చి గోపురం ఎక్కడం పోయింది. మిగిలినవాటిలో ఏది ఎలా వెళ్లాలో మళ్లీ వెతికాడు. రైన్ జలపాతం ఎత్తు 23 మీటర్లే, కుంటాలలో సగం. వెడల్పు మాత్రం 150 మీటర్లు. దాని పక్కనున్న లాఫెన్ కోట వైపు కిందికి దిగడానికి లిఫ్టుంది. మంచు కోసం 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనుకున్నారు మొదట. బీపీ ఉన్న మనిషికి అంత ఎత్తు ఎందుకని డాక్టరు వారించారు. బదులుగా 1,798 మీటర్ల రిగి కొండ. లూసర్న్ నుంచి పడవలో విట్స్‌నౌ దాకా, అక్కడి నుంచి పళ్లచక్రాల రైల్లో పైదాకా వెళ్లొచ్చు. ఆ రైలు 1871లో మొదలైంది, యూరప్‌లో కొండెక్కిన మొదటి రైలు అదే. ఏప్రిల్‌లో పైన ఇంకా మంచు ఉండే అవకాశముంది.

అక్క మోకాలికి ఫిజియోథెరపీ చెప్పించాం. ఘాటు మెట్లు మాని, చదును దారిలో రోజూ పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ అరగంట నడుస్తోంది. కొత్త బూట్లు ఇప్పుడే కొని అవే వేసుకుని నడుస్తోంది. విమానం ఎక్కే ముందురోజు కొన్న బూటు అక్కడి రాళ్లు పరిచిన వీధుల్లో మొదటి పూటే కరుస్తుంది.

రోజుకు ఒక్కటే

ఇప్పుడు పట్టిక ఇలా ఉంది. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఏటి ఒడ్డున నడక. మూడు రోజులకోసారి ఏమీ పెట్టుకోని రోజు.

బాసెల్‌లో హోటల్లో దిగినవారికి ఊళ్లో ట్రాములూ బస్సులూ ఉచితంగా ఎక్కే కార్డు ఇస్తారు. రైన్ దాటడానికి నాలుగు చిన్న పడవలున్నాయి. వాటికి ఇంజను లేదు, తెడ్డు లేదు. పైన తీగకు కట్టి ఉంటాయి, ప్రవాహమే ఆ ఒడ్డుకు తోస్తుంది. బావ అన్నిటికన్నా ఎదురుచూస్తున్నది దానికోసమే. అక్క మాత్రం పాత కాగితం మిల్లు మ్యూజియంలో తన చేత్తో కాగితం చేసి చూస్తానంటోంది. మన పాతిళ్ల మీది మంగళూరు పెంకులున్నాయే, 1865లో వాటి ఫ్యాక్టరీ పెట్టిన బాసెల్ మిషన్‌ది కూడా ఈ ఊరే.

ఆరో రోజు రైలు ప్రయాణం. జర్మనీ మీదుగా పగలంతా పడుతుంది. సీట్లు ముందే రిజర్వు చేసుకోవాలి. ఆ సాయంత్రానికి వేరే ఏ పనీ పెట్టుకోకూడదు.

లైడెన్‌లో పూలతోటతో పాటు 1590 నాటి విశ్వవిద్యాలయ వనం ఉంది. క్లూసియస్ అనే వృక్ష శాస్త్రవేత్త నాటిన ట్యూలిప్‌లు 1594లో పూసింది అక్కడే. ఊరి గోడల మీద రకరకాల భాషల్లో, వాటి వాటి లిపుల్లో నూరుకు పైగా కవితలు రాసి ఉంటాయి. తెలుగు టీచరమ్మకు రెండు రోజులు వాటికే చాలవు. చివరి రోజు బస్సులో కాట్‌వైక్ వెళ్తారు. పాత రైన్ సముద్రంలో కలిసే చోటు అది. మన అంతర్వేది అన్నమాట.

నెదర్లాండ్స్‌లో ఒక్క జాగ్రత్త. ఎర్రగా ఉండే దారి సైకిళ్లది. జనం కన్నా సైకిళ్లు ఎక్కువున్న దేశం. ఫొటో కోసం వెనక్కి అడుగు వేసేముందు చూసుకోవాలి. అక్కడి పాత ఇళ్లలో మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. గది తీసుకునేటప్పుడు లిఫ్టుందా అని రాతపూర్వకంగా అడగండి.

తిండి సంగతి. రెండుచోట్లా చిన్న వంటిల్లున్న గదులే చూశాం. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి. కారప్పొడి, తొక్కు, సకినాలు గట్టిగా కట్టుకుని పోవచ్చు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు మాత్రం తీసుకెళ్లనివ్వరు. స్విట్జర్లాండ్‌లో ఆదివారం దుకాణాలు చాలామటుకు మూసి ఉంటాయి, శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి. అక్కడ డబ్బు ఫ్రాంకులు, నెదర్లాండ్స్‌లో యూరోలు. ఇక్కడిలా ఫోన్‌తో కట్టేయొచ్చనుకోవద్దు. రెండు కార్డులు ఉంచుకుని, వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి. ఆపదొస్తే రెండు దేశాల్లోనూ మన దగ్గరలాగే 112.

విమానం టికెట్లు వెళ్లేది జూరిక్‌కు, వచ్చేది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తీసుకున్నాం. రెండూ ఒకే టికెట్టు మీద. దిగిన ఊరికే మళ్లీ వెనక్కి వెళ్లే బాధ తప్పింది.

మొన్న వసంత పంచమికి వీసాలు చేతికొచ్చాయి. ఆ రాత్రే అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేశాడు. ఏప్రిల్‌లో కోడలికి ఆఫీసు పని ఎక్కువట, చిన్నదాన్ని చూసుకోవడానికి అమ్మ వస్తే బాగుంటుందట. స్పీకర్లో వింటున్న మాకు గుండె జారింది. అక్క ఎప్పుడూ కాదనదు. ఇంతవరకూ ఒక్కసారీ అనలేదు.

అక్క కాసేపు ఆగింది. బల్ల మీదున్న కొత్త బూట్ల వైపు చూసింది.

"జూన్‌ల వస్త నాయనా. ఏప్రిల్‌ల నాకు, మీ నాయినకు పనుంది" అంది.

ఆ పక్క అబ్బాయి ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత నవ్వుతూ "ఏం పనమ్మా?" అన్నాడు.

అక్క పట్టిక తీసి, మొదటి రోజు నుంచి చదవడం మొదలుపెట్టింది.